కొత్త పైథాన్‌పై ఓపెన్‌స్టాక్ ప్యాకేజీలు: దెబ్బ ఎక్కడ తగులుతుంది?

లినక్స్ డిస్ట్రిబ్యూషన్ (సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీలుగా కూర్చి ఇచ్చే వ్యవస్థ) అయిన డెబియన్ 13 ట్రిక్సీ 2025 ఆగస్టు 9న విడుదలైంది. అందులో ఉన్నవి పైథాన్ 3.13, సొంత క్లౌడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌స్టాక్ 2025.1 ఎపాక్సీ. ఓపెన్‌స్టాక్ ప్రాజెక్టు మాత్రం ఎపాక్సీ కోసం అధికారికంగా ప్రకటించిన టెస్టులను పైథాన్ 3.12 వరకే నడిపింది. చూడటానికి ఒక్క వెర్షనే తేడా. కానీ ఆ ఒక్క వెర్షన్‌లో పైథాన్ తన స్టాండర్డ్ లైబ్రరీ నుంచి 19 పాత మాడ్యూళ్లను తీసేసింది, థ్రెడ్‌లను మొదలుపెట్టే లోపలి ఏర్పాటును మార్చింది, సర్టిఫికెట్ తనిఖీని బిగించింది. వీటన్నిటికీ సర్దుబాటు చేయాల్సిన పని ప్యాకేజీలు తయారుచేసేవాళ్ల మీద పడింది.

ఇది ఒక్కసారి జరిగి పోయేది కాదు. పైథాన్ 3.9 నుంచి ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ వస్తోంది. ఓపెన్‌స్టాక్ ఆరు నెలలకోసారి విడుదలవుతుంది. డెబియన్ స్థిర విడుదల సుమారు రెండేళ్లకోసారి. బుల్స్‌ఐలో పైథాన్ 3.9తో ఓపెన్‌స్టాక్ విక్టోరియా, బుక్‌వర్మ్‌లో 3.11తో జెడ్, ట్రిక్సీలో 3.13తో ఎపాక్సీ. అంటే డెబియన్ ప్రతి విడుదలకూ పైథాన్‌లో రెండు మెట్లు ఎక్కుతోంది. ఓపెన్‌స్టాక్ తన టెస్టులకు వాడే డిస్ట్రిబ్యూషన్లలో అప్పటికి విడుదలై స్థిరపడిన పైథాన్‌నే పరీక్షిస్తుంది. డెబియన్ అభివృద్ధి శాఖ అన్‌స్టేబుల్‌లోకి మాత్రం కొత్త పైథాన్ ముందే వచ్చేస్తుంది. కాబట్టి ఈ ఎడం ఎవరి నిర్లక్ష్యం వల్లా పుట్టింది కాదు, క్యాలెండర్ వల్ల పుట్టింది. ఓపెన్‌స్టాక్ సొంత టెస్టులు పట్టుకోని లోపాలు ముందు ప్యాకేజీ బిల్డ్‌లోనే బయటపడతాయి.

నోవా (వర్చువల్ మెషీన్లు), న్యూట్రాన్ (నెట్‌వర్క్), సిండర్ (స్టోరేజ్) లాంటి ఓపెన్‌స్టాక్ సేవల సొంత కోడ్‌లో సమస్యలు తక్కువ. అవి ఎక్కువగా కింది పొరల్లో ఉంటాయి: సి భాషలో రాసిన ఎక్స్‌టెన్షన్లు, ఓపెన్‌స్టాక్ సేవలు పంచుకునే ఆస్లో లైబ్రరీలు, బిల్డ్ సాధనాలు, టెస్టుల్లోని అలవాట్లు. ఓపెన్‌స్టాక్ ప్రతి విడుదలకూ డిపెండెన్సీల (ఆధారపడే లైబ్రరీల) కచ్చితమైన వెర్షన్లతో ఒక గరిష్ఠ పరిమితుల జాబితా ఇస్తుంది, అందులో వందల పేర్లుంటాయి. పైథాన్ ఇన్‌స్టాలర్ పిప్‌తో కంటైనర్ ఇమేజ్ కట్టేవాళ్లు ఆ జాబితాను అక్షరాలా పాటించగలరు. డిస్ట్రిబ్యూషన్‌లో అది కుదరదు. అక్కడ ఒక లైబ్రరీకి ఒకే వెర్షన్ ఉంటుంది, వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోతో నడిచే ఇతర ప్రోగ్రాములూ ఓపెన్‌స్టాక్ వెబ్ డ్యాష్‌బోర్డ్ హొరైజన్ కూడా ఆ ఒక్క జాంగోనే పంచుకోవాలి. 2023 జనవరిలో డేటాబేస్ లైబ్రరీ ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ 2.0 విడుదలయ్యాక ఇదే చిక్కు వచ్చింది. లైబ్రరీని పైకి తీసుకెళ్తే దాని పాత పద్ధతులు వాడే సేవలు కూలతాయి, తీసుకెళ్లకపోతే మిగతావాళ్లు ఆగిపోతారు.

ఏ పైథాన్‌తో ఏది పోయింది

3.10లో కలెక్షన్స్ మాడ్యూల్ నుంచి నేరుగా అందే అబ్‌స్ట్రాక్ట్ క్లాసుల పేర్లు పోయాయి. కమాండ్ లైన్ ఆప్షన్లు చదివే ఆర్గ్‌పార్స్ మాడ్యూల్ సహాయ సందేశంలో "ఆప్షనల్ ఆర్గ్యుమెంట్స్" అనే శీర్షిక "ఆప్షన్స్"గా మారింది. ప్రోగ్రాముకు దాని వల్ల నష్టమేమీ లేదు గానీ, ఆ సందేశాన్ని అక్షరం అక్షరం పోల్చే క్లయింట్ టెస్టులు ఫెయిలయ్యాయి. వెర్షన్ సంఖ్యే రెండంకెలు కావడం ఇంకో తలనొప్పి. కాన్ఫిగరేషన్‌కు వాడే యామెల్ ఫైల్లో 3.10ని కొటేషన్ గుర్తులు లేకుండా రాస్తే అది దశాంశ సంఖ్యగా మారి 3.1 అయిపోతుంది. వెర్షన్లను అక్షరాల వరుసగా పోల్చే కోడ్‌కి 3.9 పెద్దదిగా, 3.10 చిన్నదిగా కనిపిస్తుంది. 3.11లో ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్‌లోని గెట్‌ఆర్గ్‌స్పెక్ పోయింది, స్ట్రింగ్‌తో కలిపి కట్టిన ఈనమ్ (పేర్లు పెట్టిన స్థిర విలువల సమూహం) విలువలు ఫార్మాటింగ్‌లో కనిపించే తీరు మారింది. ఈ రెండోది ఎర్రర్ ఇవ్వదు, లాగ్‌లోనో యూఆర్‌ఎల్‌లోనో తప్పు మాట వచ్చి చేరుతుంది.

3.12 బిల్డ్ సాధనాల మీదే దెబ్బ వేసింది. డిస్ట్‌యుటిల్స్, ఇంప్, ఎసింకోర్ అనే పాత మాడ్యూళ్లు మూడూ ఒకేసారి పోయాయి. డిస్ట్‌యుటిల్స్ కాపీ ఒకటి సెటప్‌టూల్స్ అనే బిల్డ్ లైబ్రరీ లోపల ఉంది గనుక సెటప్‌టూల్స్‌ను ముందుగా ఇంపోర్ట్ చేసిన చోట పాత కోడ్ నడిచిపోతుంది. చేయని చోట అదే కోడ్ ఆగిపోతుంది. బిల్డ్‌లో పాసై, ఇన్‌స్టాల్ చేసిన తర్వాత ఫెయిలయ్యే ప్యాకేజీల వెనుక తరచూ ఉండే కారణం ఇదే. బిల్డ్ చోటులో సెటప్‌టూల్స్ ఉంది, వాడుకరి యంత్రంలో లేదు. ప్యాకేజీ మెటాడేటా నుంచి ఎంట్రీ పాయింట్లు (ప్లగిన్ ఎక్కడుందో చెప్పే పేర్లు) చదివే ఫంక్షన్ కూడా 3.12లో పాత డిక్షనరీ రూపాన్ని ఇవ్వడం మానేసింది. ఓపెన్‌స్టాక్‌లో డ్రైవర్లు, ప్లగిన్లు స్టీవ్‌డోర్ లైబ్రరీ ద్వారా ఎంట్రీ పాయింట్లతోనే లోడ్ అవుతాయి కాబట్టి స్టీవ్‌డోర్ సరైన వెర్షన్‌లో లేకపోతే మిగతాదేదీ కదలదు.

3.13లో పోయిన 19 మాడ్యూళ్లలో ఓపెన్‌స్టాక్‌కు ఎక్కువ నొప్పి కలిగించింది సీజీఐ. ఎన్నో ఏపీఐ సేవలకు ఆధారమైన వెబ్‌ఆబ్ లైబ్రరీ, ఫారం డేటా చదవడానికి అందులోని ఫీల్డ్‌స్టోరేజ్ క్లాసును వాడుతుంది. పరిష్కారంగా ఆ మాడ్యూల్‌ను లెగసీ-సీజీఐ పేరుతో విడి ప్యాకేజీగా తెచ్చారు. ఈ డిపెండెన్సీ "పైథాన్ 3.13, ఆపైన అయితే" అనే షరతుతో మాత్రమే వర్తిస్తుంది. ఇలాంటి షరతు బైనరీ ప్యాకేజీలోని డిపెండ్స్ వరుసలోకి ఎలా చేరిందో ప్రతిసారీ తెరిచి చూడటం మంచిది. బిల్డ్‌లో వేరే ప్యాకేజీ ద్వారా ఆ మాడ్యూల్ వచ్చి ఉంటే టెస్టులన్నీ పాసవుతాయి, లోపం బయటపడదు.

గ్రీన్‌లెట్, ఈవెంట్‌లెట్: అసలైన ఇరుకు

గ్రీన్‌లెట్ సి ఎక్స్‌టెన్షన్. ఒక ఫంక్షన్‌ను మధ్యలో ఆపి, దాని స్టాక్‌ను పక్కన పెట్టి, ఇంకోదానికి మారడం దాని పని. అందుకోసం అది పైథాన్ ఇంటర్‌ప్రెటర్ లోపలి ఫ్రేమ్ నిర్మాణాలను నేరుగా తాకుతుంది. ఆ నిర్మాణాలు ప్రతి పైథాన్‌లోనూ మారుతుంటాయి. 3.12కి గ్రీన్‌లెట్ 3.0, 3.13కి గ్రీన్‌లెట్ 3.1 అవసరమయ్యాయి. ఇక్కడ చిన్న ప్యాచ్‌తో గట్టెక్కే అవకాశం దాదాపు ఉండదు, సరైన వెర్షన్ రావాల్సిందే. అది వచ్చేదాకా పైనున్న పని మొదలుకాదు.

దాని మీద నిలిచేది ఈవెంట్‌లెట్, ఒకే థ్రెడ్‌లో ఎన్నో పనులను వంతులవారీగా నడిపే లైబ్రరీ. ఇది సాకెట్, థ్రెడింగ్, టైమ్, సెలెక్ట్ లాంటి స్టాండర్డ్ మాడ్యూళ్లను ప్రోగ్రాము నడుస్తుండగానే తన సొంత రూపాలతో మార్చేస్తుంది. దీన్నే మంకీ ప్యాచింగ్ అంటారు. అలా మార్చాలంటే ఆ మాడ్యూళ్ల లోపల, బయటివాళ్ల కోసం ఉద్దేశించని పేర్లు కూడా తెలిసి ఉండాలి. 3.13లో థ్రెడింగ్ మాడ్యూల్ కొత్త థ్రెడ్‌ను మొదలుపెట్టే లోపలి ఫంక్షన్ మారింది, థ్రెడ్ ముగిసిందని తెలిపే పాత లాక్ పోయింది. పాత ఈవెంట్‌లెట్ ఆ పాత పేర్లకే ప్యాచ్ వేస్తుంది. కొత్త ఫంక్షన్ అసలు రూపంలోనే మిగిలిపోతుంది.

వెంటనే ఎర్రర్ వస్తే మేలే. ప్రమాదం రానప్పుడే. సగం మాడ్యూళ్లు మారి సగం మారకపోతే ఏజెంట్ ప్రాసెస్ బతికే ఉంటుంది, పని మాత్రం సాగదు. సేవల మధ్య సందేశాలు మోసే రాబిట్‌ఎంక్యూకి హార్ట్‌బీట్ (బతికే ఉన్నానని చెప్పే సంకేతం) వెళ్లదు, కనెక్షన్ తెగి మళ్లీ కలుస్తూ ఉంటుంది, కంట్రోలర్‌లో ఆ ఏజెంట్ పని చేయడం లేదని కనిపిస్తుంది. కొన్ని ఆర్‌లాక్‌లు గ్రీన్ కాలేదనీ (ఈవెంట్‌లెట్ రూపానికి మారలేదనీ), మిగతా ఇంపోర్ట్‌ల కంటే ముందే మంకీ ప్యాచ్ నడపమనీ ఈవెంట్‌లెట్ ఇచ్చే హెచ్చరిక లాగ్‌లో ఉంటే దాన్ని దాటి పోకూడదు. ఎక్కడో ఒక మాడ్యూల్ ముందుగా ఇంపోర్ట్ అయి మారని లాక్‌ను పట్టుకుందని దాని అర్థం. యూనిట్ టెస్టులు వీటిని పట్టుకోలేవు, వాటిలో అసలు సాకెట్లూ ఉండవు, గంటల తరబడి నడిచే ప్రాసెస్‌లూ ఉండవు.

ఈ కారణంగానే ఓపెన్‌స్టాక్ ఈవెంట్‌లెట్‌ను పూర్తిగా వదిలించుకోవాలని నిర్ణయించుకుంది, ఈవెంట్‌లెట్ నిర్వాహకులే కొత్త ప్రాజెక్టుల్లో దాన్ని వాడొద్దంటున్నారు. ఆస్లో సర్వీస్‌లో సాధారణ థ్రెడ్‌లతో నడిచే రెండో బ్యాకెండ్ వచ్చింది. మార్పు సేవ తర్వాత సేవగా సాగుతోంది కాబట్టి ఒకే విడుదలలో కొన్ని ప్రాసెస్‌లు ఈవెంట్‌లెట్‌తోనూ కొన్ని అసలు థ్రెడ్‌లతోనూ నడుస్తాయి. ప్యాకేజీలో సేవను మొదలుపెట్టే సిస్టమ్‌డీ యూనిట్ ఫైల్, డిఫాల్ట్ కాన్ఫిగరేషన్ ఏ ప్రాసెస్ ఏ రకమో తెలుసుకుని రాయాలి. యూవిజ్‌గీ అనే అప్లికేషన్ సర్వర్ కింద నడిచే ఏపీఐలకు ఈవెంట్‌లెట్ ఈవెంట్ లూప్ అందుబాటులో ఉండదు. అక్కడ హార్ట్‌బీట్‌ను అసలు థ్రెడ్‌లో నడిపే ఆస్లో మెసేజింగ్ ఆప్షన్ ఉంది. యూవిజ్‌గీ పైథాన్ ప్లగిన్ కూడా ఒక నిర్దిష్ట పైథాన్ లైబ్రరీకే ముడిపడి ఉంటుంది. డిఫాల్ట్ పైథాన్ మారగానే దాన్ని తిరిగి బిల్డ్ చేయకపోతే కోడ్ ఎంత సరిగా ఉన్నా ఏపీఐ లేవదు.

పని క్రమం

డెబియన్‌లో పైథాన్ మార్పు దశల్లో జరుగుతుంది. మొదట కొత్త వెర్షన్‌ను పాతదాని పక్కన "సపోర్టెడ్" జాబితాలో చేరుస్తారు, తర్వాత దాన్ని డిఫాల్ట్ చేస్తారు, చివరికి పాతదాన్ని తీసేస్తారు. పని ఎక్కువగా మొదటి దశలోనే ముగియాలి. రెండు వెర్షన్లూ అందుబాటులో ఉన్నప్పుడు ఒకే టెస్ట్ పాతదానిలో పాసై కొత్తదానిలో ఫెయిలైతే కారణం పైథానేనని నిమిషాల్లో తేలుతుంది. పాతది పోయాక ఆ పోలిక దొరకదు.

స్వచ్ఛమైన పైథాన్ ప్యాకేజీల ఫైళ్లు రెండు వెర్షన్లకూ ఒకే డిస్ట్-ప్యాకేజెస్ డైరెక్టరీలో ఉంటాయి. కాబట్టి ప్యాచ్ రెండింటిలోనూ నడవాలి. పాత ఇంపోర్ట్‌ను తుడిచేసి కొత్తది రాసే ప్యాచ్ కొత్త పైథాన్‌ను బాగుచేసి పాతదాన్ని చెడగొట్టవచ్చు. ముందు ఒకదాన్ని ప్రయత్నించి, ఇంపోర్ట్ ఎర్రర్ వస్తే ఇంకోదానికి వెళ్లే రూపమే ఈ దశకు తగినది. సి ఎక్స్‌టెన్షన్లు వేరు. వాటి ఫైలు పేరులోనే పైథాన్ వెర్షన్ ఉంటుంది, ప్రతి సపోర్టెడ్ వెర్షన్‌కూ విడిగా కంపైల్ కావాలి. బిల్డ్ డిపెండెన్సీల్లో పైథాన్3-ఆల్-డెవ్ బదులు పైథాన్3-డెవ్ రాస్తే డిఫాల్ట్ వెర్షన్‌కి మాత్రమే ఫైలు తయారవుతుంది, లోపం వెంటనే కాక డిఫాల్ట్ మారిన రోజున కనిపిస్తుంది.

బిల్డ్ కింద నుంచి పైకి సాగాలి: గ్రీన్‌లెట్, ఈవెంట్‌లెట్, స్టీవ్‌డోర్, పీబీఆర్ (ఓపెన్‌స్టాక్ బిల్డ్ సాధనం), తర్వాత ఆస్లో లైబ్రరీలు, తర్వాత క్లయింట్లు, ఆఖరున సేవలు. మధ్యలో వలయాలు ఎదురవుతాయి. ఒక లైబ్రరీ టెస్టులకు రెండోది కావాలి, రెండోదానికి మొదటిది కావాలి. టెస్టులు లేని నోచెక్ ప్రొఫైల్‌తో ఒకసారి బిల్డ్ చేసి వలయాన్ని తెంచి, ఆ తర్వాత టెస్టులతో మళ్లీ బిల్డ్ చేయాలి. ఈ రెండో బిల్డ్‌ను మరచిపోవడమే ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు.

బిల్డ్ ఎస్‌బిల్డ్ లాంటి శుభ్రమైన చోట, నెట్‌వర్క్ లేకుండా జరగాలి. పీబీఆర్ వెర్షన్ సంఖ్యను గిట్ చరిత్ర నుంచి తీసుకుంటుంది. సోర్స్ ప్యాకేజీలో గిట్ ఉండదు కాబట్టి పీబీఆర్ వెర్షన్ వేరియబుల్‌ను ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టాలి. ఓపెన్‌స్టాక్-పీకేజీ-టూల్స్ ఆ పని చేస్తుంది. టెస్టుల క్రమం కూడా మామూలు పైథాన్ ప్యాకేజీలకంటే భిన్నం. స్టీవ్‌డోర్‌కు ఎంట్రీ పాయింట్లు కనబడాలంటే ప్యాకేజీ ముందుగా డెబియన్/టీఎంపీ కింద ఇన్‌స్టాల్ అయి ఉండాలి, పైథాన్‌పాత్ (మాడ్యూళ్లను వెతికే దారి) అక్కడికి చూపాలి. అందుకే టెస్టులను ఇన్‌స్టాల్ దశ చివరలో నడుపుతారు. సోర్స్ డైరెక్టరీ నుంచి నేరుగా నడిపితే "డ్రైవర్ దొరకలేదు" అనే ఎర్రర్లు గుట్టలుగా వస్తాయి, వాటికీ కొత్త పైథాన్‌కూ సంబంధమే ఉండదు.

ప్యాచ్ రాసే ముందు ఓపెన్‌స్టాక్ కోడ్ సమీక్షా వేదిక గెరిట్‌లో మాస్టర్ బ్రాంచిని వెతకాలి, సగం సమస్యలకు అక్కడ పరిష్కారం విలీనమై గానీ సమీక్షలో గానీ ఉంటుంది. తెచ్చిన ప్యాచ్‌కు డెప్-3 శీర్షిక (ప్యాచ్ వివరాల కోసం డెబియన్‌లో వాడే నమూనా) తప్పనిసరిగా పెట్టాలి: దేని కోసం, ఎక్కడి నుంచి, అసలు ప్రాజెక్టుకు పంపారా లేదా. ఆరు నెలల తర్వాత కొత్త విడుదల మీద క్విల్ట్ సాధనంతో ఆ ప్యాచ్ ఎక్కనప్పుడు, దాన్ని ఉంచాలో తీసేయాలో చెప్పేది ఆ నాలుగు వరుసలే.

టెస్టులను ఆపేయడం

టెస్టులు నడిపే ఎస్‌టెస్టర్‌కు ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఇస్తే నచ్చని టెస్టులు పక్కకు పోతాయి, బిల్డ్ పచ్చగా మారుతుంది. గడువు దగ్గరపడినప్పుడు ఇది అన్నిటికంటే సులువైన దారి, అన్నిటికంటే చెడ్డ దారి కూడా. ఫెయిలైన ప్రతి టెస్ట్‌నూ ముందు రకం తేల్చి చూడాలి. సందేశంలో మాటల తేడా ఒక రకం. 3.13లో ఆర్గ్‌పార్స్ చిన్న, పెద్ద ఆప్షన్ పేర్లను కలిపి రాసి విలువను చివర్లో ఒక్కసారే చూపుతుంది, డాక్‌స్ట్రింగ్‌ల ముందున్న ఖాళీలను కంపైలరే తీసేస్తుంది. ఇలాంటి వాటి వల్ల ఫెయిలైన టెస్టును తాత్కాలికంగా ఆపినా సేవకు హాని లేదు. నెట్‌వర్క్ లేనందువల్ల ఫెయిలయ్యేవి రెండో రకం, వాటికీ పైథాన్‌కూ సంబంధం లేదు. టైమవుట్ అయ్యేవి, ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యేవి మూడో రకం. థ్రెడ్‌లలోనో ఈవెంట్‌లెట్‌లోనో ఉన్న నిజమైన లోపం చాలాసార్లు ఈ రూపంలోనే తొంగిచూస్తుంది. వీటిని ఆపితే ఆ లోపం వాడుకరి క్లౌడ్‌లోకి వెళ్లిపోతుంది.

3.12 చేసిన ఒక మేలును ఇక్కడ చెప్పుకోవాలి. మాక్ (టెస్టుల్లో అసలుదాని బదులు వాడే నకలు) వస్తువు మీద "అసర్ట్" అనే ముందుభాగం మరచి "కాల్డ్ వన్స్ విత్" అని మాత్రమే రాస్తే, పాత పైథాన్‌లో అది ఏమీ తనిఖీ చేయకుండా ఎప్పుడూ పాసయ్యేది. 3.12 దాన్ని ఎర్రర్ చేసింది. అలా ఫెయిలైన టెస్ట్ అన్నాళ్లూ దేన్నీ పరీక్షించలేదన్నమాట. సరిచేసి నడిపితే కొన్నిచోట్ల అసలు కోడ్‌లోనే తప్పు దొరుకుతుంది. దీన్ని ఆపేయడం అన్యాయం. పరిష్కారం ఒక్క పదం, దాన్ని ప్రాజెక్టుకు పంపడానికి పట్టేది కొద్ది నిమిషాలు.

బిల్డ్ టెస్టుల తర్వాత ఆటోప్యాకేజ్‌టెస్ట్‌లు ఉండాలి. ఇవి ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీ మీద నడుస్తాయి కాబట్టి తప్పిపోయిన డిపెండెన్సీని ఇవే పట్టుకుంటాయి. ప్రతి సపోర్టెడ్ వెర్షన్‌తో ప్రధాన మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసే రెండు వరుసల టెస్ట్ కూడా లేనిదానికంటే ఎంతో నయం. సేవలకైతే డేటాబేస్ స్కీమా ఎక్కించి, గుర్తింపు సేవ కీస్టోన్‌ను బూట్‌స్ట్రాప్ చేసి, ఒక టోకెన్ తీసుకునే దాకా వెళ్లాలి. ఈవెంట్‌లెట్ లోపాలకు ఇదీ చాలదు. కొన్ని యంత్రాల మీద మొత్తం క్లస్టర్‌ను నిలబెట్టి ఓపెన్‌స్టాక్ టెస్టుల సముదాయం టెంపెస్ట్ నడిపి, ఆపై కొన్ని గంటలు వదిలేసి ఏజెంట్లు బతికి ఉన్నాయో లేదో చూడాలి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర మీద వచ్చే సింటాక్స్ వార్నింగ్‌లు కూడా ప్యాకేజీ లోపాలే. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను రా స్ట్రింగ్‌గా రాయని చోట, చెల్లని బ్యాక్‌స్లాష్ గురించి 3.12 నుంచి అందరికీ కనబడేలా హెచ్చరిక వస్తోంది. ప్యాచ్ ఒక్క అక్షరం.

నడుస్తున్న క్లౌడ్‌ను మార్చడం

నిర్వాహకులు ఒకేసారి రెండు మార్పులు చేయకుండా ఉండేలా ప్యాకేజీలు దారి ఇవ్వాలి. బుక్‌వర్మ్‌లో జెడ్ నడుపుతున్నవారు నేరుగా ట్రిక్సీకి దూకితే పైథాన్ 3.11 నుంచి 3.13కి, ఓపెన్‌స్టాక్ జెడ్ నుంచి ఎపాక్సీకి ఒక్క దెబ్బతో మారతాయి. ఏదైనా ఆగిపోతే కారణం ఏ వైపుదో తెలియదు. ఎపాక్సీని బుక్‌వర్మ్‌కు బ్యాక్‌పోర్ట్ చేసిన (పాత విడుదలకు తగినట్టు బిల్డ్ చేసిన) ప్యాకేజీలు ఇందుకే ఉన్నాయి. పాత పైథాన్ మీదే ఓపెన్‌స్టాక్‌ను మధ్య విడుదలల మీదుగా ఎపాక్సీ దాకా తీసుకెళ్లి, డేటాబేస్ మార్పులు ముగించి, స్థిరపడ్డాక, అదే ఎపాక్సీతో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చాలి. ఇది సాధ్యం కావాలంటే ఎపాక్సీ ప్యాకేజీలు 3.11, 3.13 రెండింటిలోనూ నడవాలి. ప్యాచ్‌లు రెండు వైపులా పనిచేయాలన్న నియమానికి ఉన్న ఆచరణాత్మక విలువ ఇక్కడే తెలుస్తుంది.

అప్‌గ్రేడ్‌కు ముందు సర్టిఫికెట్లను తప్పక చూడాలి. 3.13లో పైథాన్ డిఫాల్ట్ ఎస్‌ఎస్‌ఎల్ కాంటెక్స్ట్ కఠిన తనిఖీతో వస్తుంది. సొంత సర్టిఫికెట్ అథారిటీతో ఏళ్ల కిందట తయారుచేసిన సర్టిఫికెట్లలో అథారిటీ కీ ఐడెంటిఫయర్ లేకపోయినా, బేసిక్ కన్‌స్ట్రెయింట్స్‌కు క్రిటికల్ గుర్తు లేకపోయినా ఆ కాంటెక్స్ట్ వాడే కోడ్ కనెక్షన్‌ను తిరస్కరిస్తుంది. నిన్నటిదాకా పనిచేసిన సర్టిఫికెట్ ఇవాళ చెల్లదంటే నిర్వాహకుడు ఓపెన్‌స్టాక్‌ను అనుమానిస్తాడు. ప్యాకేజీతో వచ్చే న్యూస్ ఫైల్లో ఈ విషయం రాసి ఉంటే ఒక రాత్రి మిగులుతుంది.

అప్‌గ్రేడ్ అయిన వెంటనే పాత ప్రాసెస్‌లన్నిటినీ రీస్టార్ట్ చేయాలి. నడుస్తున్న డీమన్ మెమరీలో పాత 3.11 ఇంటర్‌ప్రెటర్ ఉంటుంది, డిస్క్ మీద కొత్త ఫైళ్లుంటాయి. అది అవసరం వచ్చినప్పుడు ఏదైనా మాడ్యూల్‌ను ఆలస్యంగా ఇంపోర్ట్ చేస్తే డిస్క్ మీద 3.13కి కంపైల్ అయిన ఎక్స్‌టెన్షనే ఉంటుంది, ఫైలు పేరులోని వెర్షన్ వేరు గనుక 3.11 దాన్ని గుర్తించదు, లాగ్‌లో అర్థంకాని ఇంపోర్ట్ ఎర్రర్లు నిండుతాయి. నోవా-కంప్యూట్ రీస్టార్ట్ చేస్తే వర్చువల్ మెషీన్లు ఆగవు, వాటిని నడిపేది క్యూఈఎంయూ ప్రాసెస్‌లు, నోవా వాటికి ఆజ్ఞలిచ్చేది మాత్రమే. మెషీన్ల నెట్‌వర్క్‌ను కలిపే ఓపెన్ వీస్విచ్ సంగతి వేరు. అదే అప్‌గ్రేడ్‌లో అది కూడా రీస్టార్ట్ అయితే ఆ కంప్యూట్ నోడ్ మీది మెషీన్ల నెట్‌వర్క్ కొద్దిసేపు తెగవచ్చు. అందువల్ల నోడ్‌లను ఒక్కొక్కటిగా ఖాళీ చేసి, లైవ్ మైగ్రేషన్‌తో మెషీన్లను పక్కకు పంపాకే ఆ నోడ్‌ను ట్రిక్సీకి మార్చాలి.